కాలిపోయిన గుహలు, కాగితం మీద కొండలు



ఒక్కసారి మీ వంటింటి గోడవైపు చూడండి. జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా సరే, అక్కడో క్యాలెండరు వేలాడుతూ వుంటుంది. పాల లెక్క, గ్యాసు బండ మార్చిన తేదీ, ఏకాదశులు, అమావాస్యలు అన్నీ దానిమీదే. పైన లక్ష్మీదేవో, మంచుకొండో, ఏదో జలపాతమో. మరి డిసెంబరు వెళ్ళగానే ఆ బొమ్మనేం చేస్తున్నాం? దేవుడి బొమ్మయితే చించడానికి చేతులు రావు గనుక ఏ తలుపు వెనకో దాస్తాం. కొండా, జలపాతమూ అయితే పప్పుడబ్బాల కింద పరుస్తాం, పిల్లల పుస్తకాలకు అట్టలు వేస్తాం. అంతే కదండీ!

ఇవాళ చెప్పబోయే బొమ్మల కథలోనూ ఒక క్యాలెండరు వుంది. 1765లో జపాన్ దేశంలో ఎడో నగరం, అంటే ఇప్పటి టోక్యో. అప్పట్లో వాళ్ళదీ చాంద్రమానమే. ఏ నెలకు 30 రోజులు, ఏ నెలకు 29 రోజులు అన్నది ఏటేటా మారుతూ వుండేది. కవిత్వం అంటే ఇష్టమున్న పెద్దమనుషులు కొందరు, ఆ నెలల లెక్కను బొమ్మలో దాచిపెట్టి కొత్త సంవత్సరానికి ఒకరికొకరు ఇచ్చుకునేవారు. బొమ్మలోని అమ్మాయి దుస్తుల మడతల్లోనో, నడికట్టు మీదనో అంకెలుండేవి, వెతుక్కోవాలి. ఈ పోటీలోనే సుజుకి హరునోబు అనే చిత్రకారుడి చేతిలో చెక్క అచ్చు మీద అనేక రంగులు వేసే పద్ధతి కుదిరింది. ఆ బొమ్మలకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం జరీబట్ట లాంటి బొమ్మలని. అంత ముచ్చటపడ్డారన్నమాట.

ఆ అచ్చు ఎలా పడేదో చెబుతాను. బెండకాయ ముక్కను రంగులో ముంచి కాగితం మీద అద్దడం పిల్లలకు మనమే నేర్పుతాం. కిటుకు అదే, పనితనం మాత్రం వేరు. చిత్రకారుడు పల్చటి కాగితం మీద గీతలతో బొమ్మ వేసి ఇస్తాడు. చెక్కే మనిషి ఆ కాగితాన్ని చెర్రీ చెక్క పలకమీద బోర్లా అంటించి, గీతలను మాత్రం వదిలి, మిగతా చెక్కంతా ఉలితో తీసేస్తాడు. అంటే చిత్రకారుడు తన చేత్తో వేసిన అసలు బొమ్మ ఉలి కింద తునాతునకలైపోతుందన్నమాట. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పని వుంది. ఆ పైన ఒక్కొక్క రంగుకూ విడిగా చెక్కుడు. రంగు మీద రంగు పక్కకు జరక్కుండా ప్రతి పలకకూ ఒక మూలన చిన్న గాడి తీస్తారు. కాగితం మూల సరిగ్గా అక్కడ ఆనాలి. వెంట్రుకవాసి తప్పినా ముక్కు రంగు చెంపకు పోతుంది.

ఇక రంగులో ఏం కలుపుతారనుకున్నారు? గంజి! బియ్యప్పిండి గంజి. అది పడితేనే రంగు పలక మీద సమంగా పరుచుకుంటుంది. పైన కాగితం వేసి, వెదురు పొరతో చుట్టిన గుండ్రటి బిళ్ళతో రుద్దుతారు. ప్రెస్సూ లేదు, యంత్రమూ లేదు. కాగితం మీద రంగు ఊరిపోకుండా ముందే పటికా, వడ్రంగులు వాడే వజ్రమూ కలిపిన నీళ్ళు పూస్తారు. ఆ నీళ్ళ పేరు వాళ్ళ భాషలో ‘దోసా’. నవ్వకండి, నిజంగా అంతే!

పటిక అనగానే మన బందరు అద్దకం గుర్తొస్తుంది. పెడన వాళ్ళు ఈనాటికీ చెక్క అచ్చులతో గుడ్డమీద అద్దుతున్నారు, రంగు నిలవడానికి పటికే వాడుతున్నారు. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళ ఓడల మీద మన కోరమాండల్ తీరపు అద్దకపు గుడ్డలు జపాన్ దాకా వెళ్ళాయి. అక్కడివాళ్ళు వాటిని ‘సరాసా’ అన్నారు. జానెడు ముక్క దొరికినా దాచుకుని, తేనీటి వేడుకలో వాడే విలువైన పాత్రలకు సంచులు కుట్టించుకునేవారు. మన దగ్గర అచ్చు గుడ్డమీద నిలిచింది, వాళ్ళ దగ్గర కాగితం మీదకు ఎక్కింది.

అసలు జపాన్‌లో అచ్చు మొదలైంది బొమ్మల కోసం కాదు, బుద్ధుడి కోసం. అది మొదలుపెట్టించింది ఒక స్త్రీ. షోటోకు మహారాణి రెండుసార్లు సింహాసనం ఎక్కిన మనిషి. మన రుద్రమదేవికి దాదాపు 500 ఏళ్ళ ముందుమాట. 764లో ఒక తిరుగుబాటు అణిగాక, ఆమె జానెడంత వుండే చెక్క స్తూపాలు 10 లక్షలు చేయించమంది. ఒక్కొక్కదాని కడుపులో బౌద్ధమంత్రం అచ్చువేసిన కాగితపు చుట్ట. 770 నాటికి పని పూర్తయి, 10 పెద్ద ఆలయాలకు పంచిపెట్టారు. ఆ అచ్చు చెక్కదా, లోహానిదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే వున్నారు, వాళ్ళను వాదించుకోనిద్దాం. హోర్యూజి అనే ఆలయంలో ఆ బుల్లి స్తూపాలు 40,000కు పైగా ఇవాళ్టికీ వున్నాయి. ఈ హోర్యూజి పేరు కూడా గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత గుళ్ళో భక్తులకు ఇచ్చే బుద్ధుడి ముద్రలు, విగ్రహాల లోపల పెట్టే అచ్చుబొమ్మలు ఇలా వందల ఏళ్ళు సాగింది. ఊళ్ళు పెరిగి, జనం చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి బొమ్మ గుడి నుంచి బజారుకు వచ్చింది. ఒక గిన్నెడు సేమ్యా తినే ఖర్చుకు ఒక బొమ్మ వచ్చేదంటారు. నటుల బొమ్మలు, అందగత్తెల బొమ్మలు ముందు వచ్చాయి. కొండలు, దారులు, గుళ్ళు తర్వాత.

హోకుసాయి అనే ఆయన 70 ఏళ్ళు దాటాక ఫుజి పర్వతాన్ని పట్టుకున్నాడు. పేరుకు 36 దృశ్యాలు, జనం అడుగుతున్నారని ఇంకో 10 కలిపి మొత్తం 46 వేశాడు. అవి 1830 తర్వాత వచ్చాయి. పెద్ద అల బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే వుంటారు. నాకు మాత్రం అంతకన్నా అసాకుసా హోంగాన్‌జి ఆలయం బొమ్మ ఇష్టం. ఆలయం పైకప్పు కాగితానికి సగం పట్టేసి వుంటుంది. దాని మీద పనివాళ్ళు చీమల్లా పాకుతూ పెంకులు సర్దుతుంటారు. ఫుజి పర్వతమేమో దూరాన ఎక్కడో చిన్నగా. దేవుడు, కొండ, పెంకులు సర్దే కూలీ అందరూ ఒకే కాగితం మీద. ఆయన కూతురు ఓయి కూడా మంచి చిత్రకారిణే. పెళ్ళయి, మొగుడితో పొసగక తండ్రి దగ్గరికే వచ్చేసి చివరిదాకా ఆయనతో కలిసి పనిచేసింది. తండ్రి సంతకంతో వెళ్ళిన బొమ్మల్లో ఆమె చెయ్యి ఎంత వుందో ఎవరు లెక్క తేలుస్తారు?

హోకుసాయి తర్వాత హిరోషిగే. వాన, మంచు, సంధ్యవేళ గుడిగంట, ఇవన్నీ ఆయన సొత్తు. ఈ బొమ్మలు ఓడల్లో పింగాణీ గిన్నెలు పగలకుండా చుట్టిన చిత్తుకాగితాలుగా ఐరోపా చేరాయని ఒక కథ చెబుతారు. ఆ కథ సంగతి ఎలా వున్నా, 1887లో వాన్ గోహ్ అంతటివాడు హిరోషిగే బొమ్మలు ఎదురుగా పెట్టుకుని నూనెరంగుల్లో దించుకున్నది మాత్రం నిజం. మనం పప్పుడబ్బా కింద పరిచే కాగితాల్లో ఏమేం పోతున్నాయో!

ఇక మనకు కావలసిన చోటికి వద్దాం. 1923 సెప్టెంబరు 1, మధ్యాహ్నం 12కు రెండు నిమిషాల ముందు. టోక్యోలో ఆడవాళ్ళు పొయ్యిల మీద మధ్యాహ్నం వంట చేస్తున్నారు. సరిగ్గా అప్పుడు భూమి కంపించింది. ఇళ్ళన్నీ చెక్కవి. పడిపోయిన ఇళ్ళ కింద పొయ్యిలు మండుతూనే వున్నాయి. భూకంపం నిమిషాల్లో ఆగింది గాని మంటలు రెండు రోజులు ఆగలేదు. లక్ష మందికి పైగా చనిపోయారు.

ఆ మంటల్లో కవాసే హాసుయి అనే చిత్రకారుడి ఇల్లు పోయింది, ఊరూరా తిరిగి వేసుకున్న చిత్తుబొమ్మల పుస్తకాలన్నీ పోయాయి. యోషిదా హిరోషి అనే మరో చిత్రకారుడి బొమ్మలు, వాటి చెక్క పలకలు ప్రచురణకర్త వతనబె దుకాణంలో వున్నవి వున్నట్టు బూడిదైపోయాయి. అదే మంటల్లో మనది కూడా ఒకటి కాలింది. మన హైదరాబాదు సంస్థానం గుహల్లోంచి వెళ్ళిన బొమ్మలు!

ఆ రోజుల్లో అజంతా, ఎల్లోరా రెండూ నిజాం రాజ్యంలోవే. జనగామ, మానుకోట ఏ సర్కారు కింద వున్నాయో ఔరంగాబాదూ ఆ సర్కారు కిందే. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా మనమంతా ఒకింటివాళ్ళమే. ఆ అజంతా గుహల్లోని బుద్ధుడి బొమ్మలను చూసి రాసుకోవడానికి అరాయి కంపో అనే జపాన్ చిత్రకారుడు వచ్చాడు. రవీంద్రనాథ్ ఠాగూరు పిలుపు మీద ముందు కలకత్తా చేరి, అక్కడి కుర్రవాళ్ళకు జపాన్ కుంచె పట్టడం నేర్పి, తర్వాత అజంతా వెళ్ళాడు. గుహలో దీపాల వెలుగులో గోడమీది గీత గీతా ఎక్కించుకుని పోయి టోక్యో విశ్వవిద్యాలయంలో పెట్టారు. ఐదారేళ్ళు తిరగలేదు. 1923లో అన్నీ కాలిపోయాయి.

అజంతా నకళ్ళకు ఇది మొదటి మంట కాదు. వింటే ఆశ్చర్యపోతారు, మూడోది. మద్రాసు సైన్యంలోని మేజర్ రాబర్ట్ గిల్‌ను 1844లో ఆ పనికి పెడితే, దాదాపు 20 ఏళ్ళు ఆ అడవిలోనే వుండి పెద్ద పెద్ద తెరల మీద నకళ్ళు వేశాడు. లండన్‌లో స్ఫటిక భవనంలో ప్రదర్శనకు పెట్టారు. 1866 డిసెంబరులో అక్కడ నిప్పంటుకుని దాదాపు అన్నీ పోయాయి. పాపం, ఆ మనిషి మళ్ళీ అజంతాకే వచ్చి కెమెరాతో మొదలుపెట్టాడు. తర్వాత బొంబాయి కళాశాల నుంచి జాన్ గ్రిఫిత్స్ విద్యార్థులను వెంటబెట్టుకుని 1872 నుంచి పన్నెండు, పదమూడేళ్ళు శ్రమపడ్డాడు. అవీ లండన్ వెళ్ళాయి. 1885లో అక్కడి మ్యూజియంలో మంటలు లేచి చాలా భాగం కాలిపోయాయి. ఇది ఏదో శాపమని అనేవాళ్ళుంటారు గాని, నాకలా అనిపించదు. ఒక్కటే నకలు తీసి, ఒక్కచోటే పెడితే ఎప్పుడో ఒకప్పుడు నిప్పు దాన్ని వెతుక్కుంటూ రాక మానదు.

ఈ మంటలకు దొరక్కుండా తప్పించుకున్న నకళ్ళు ఒక ఆడమనిషివి. క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఇంగ్లండ్ దేశస్తురాలు, ఆడవాళ్ళకు ఓటు కావాలని పోరాడినవాళ్ళలో ఒకతె. 1909 నుంచి 1911 దాకా రెండు శీతకాలాలు గుహల దగ్గర డేరాలు వేసుకుని పనిచేసింది. అప్పటికి ఆమెకు 57 ఏళ్ళు దాటాయి. ఆ వయసులో మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని గడప దాటి ఒంటరిగా కాశీకైనా పంపిస్తామా? కలకత్తా నుంచి నందలాల్ బోసు, అసిత్ హల్దార్ వగైరా కుర్రవాళ్ళు సాయం వచ్చారు. వాళ్ళను పంపించే ఏర్పాటు వెనక సిస్టర్ నివేదిత పట్టుదల వుంది. మన హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ అనే చిత్రకారుడు కూడా వచ్చి చేరాడు. ఆ నకళ్ళు 1915లో పుస్తకంగా వచ్చాయి. అప్పటికే ఆమె మనసు చెదిరింది. తనను ఎవరో వెంటాడుతున్నారన్న భయం పట్టుకుని, 1929లో చనిపోయేదాకా ఆసుపత్రుల్లోనే గడిపింది. తన పేరుతో వచ్చిన పుస్తకాన్ని ఆమె ఏ కళ్ళతో చూసివుంటుందో!

ఇప్పుడు మళ్ళీ యోషిదా హిరోషి దగ్గరికి వద్దాం. 1923లో పలకలన్నీ కాలిపోయాక ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. తన బొమ్మలూ, కష్టాల్లో వున్న తోటి చిత్రకారుల బొమ్మలూ మూటగట్టుకుని భార్య ఫుజియోతో సహా అమ్ముకోవడానికి అమెరికా బయలుదేరాడు. అక్కడివాళ్ళు నూనెరంగుల బొమ్మలకన్నా మంటలు తప్పించుకుని మిగిలిన కాసిని అచ్చుబొమ్మలకే ఎగబడటం కళ్ళారా చూశాడు. తిరిగొచ్చి 1925లో సొంత పనిశాల పెట్టుకున్నాడు. చెక్కేవాళ్ళను, అచ్చువేసేవాళ్ళను తనే పెట్టుకుని, దగ్గర కూర్చుని చేయించేవాడు. తన చేతిమీదుగా అచ్చయిన కాగితం అంచున ‘స్వయంగా అచ్చువేసినది’ అన్న అర్థం వచ్చే ముద్ర కొట్టేవాడు. సగటున ఒక్కొక్క బొమ్మకు 30 సార్లు రంగు వేయించేవాడు. 1937లో వేసిన నిక్కో ఆలయ ద్వారం బొమ్మకు 96 సార్లు! ఒక్క కాగితం 96 సార్లు అదే మూలకు సరిగ్గా ఆనించాలంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

ఆయన 1930 చివర్లో 19 ఏళ్ళ కొడుకు తోషిని వెంటబెట్టుకుని మన దేశం వచ్చాడు. చలికాలమంతా రైళ్ళలో తిరిగారు. తిరిగి వెళ్ళాక 1931, 1932 సంవత్సరాల్లో వేసిన బొమ్మల్లో కాశీ ఘట్టాలున్నాయి, మధుర మీనాక్షి ఆలయం వుంది, ఉదయపూరు సరస్సులో మేడలున్నాయి, సాంచీ స్తూపం తోరణం వుంది. మన సంస్థానం నుంచి అజంతా, ఎల్లోరా వున్నాయి. మంచుతో కప్పిన కాంచనగంగను పొద్దున ఒక రంగులో, మధ్యాహ్నం ఇంకో రంగులో చూపించాడు. తాజమహలు పగలూ వేశాడు, రాత్రీ వేశాడు. ఇక్కడే చెక్క అచ్చులో తమాషా. పలకలు అవే వుంచి, రంగులు మార్చితే చాలు, పగలు కాస్తా రాత్రయి కూర్చుంటుంది. ఒకే చీర బ్లౌజు మార్చి కడితే కొత్త చీరలా కనిపించదూ, అలాగన్నమాట.

చెప్పొచ్చేదేమంటే, గిల్ 20 ఏళ్ళ శ్రమ ఒక్క రోజులో పోయింది. అరాయి కంపో శ్రమ ఒక్క మధ్యాహ్నంలో పోయింది. యోషిదా అజంతా మాత్రం పోవడం కష్టం. ఎందుకంటే అది ఒకచోట లేదు. ఒక ప్రతి టోక్యోలో వుంటే ఇంకోటి అమెరికాలో, ఇంకోటి ఎవరి ఇంటి గోడమీదో. అసలు బొమ్మ చెక్కేటప్పుడే ముక్కలైపోయిందని ఇందాక చెప్పానే, అందుకే ఇక్కడ ‘అసలు’ అనేది ఒకటి విడిగా లేదు. ప్రతి కాగితమూ అసలే. యోషిదా వేసింది గోడమీది చిత్రాలకు నకలు కాదనీ, బయటి మనిషి చూసిన దృశ్యమనీ మీరు అనవచ్చు. నిజమే. పరిశోధకులకు హెరింగ్‌హామ్ నకళ్ళే పనికొస్తాయి. కాని అజంతా ఎక్కడుందో కూడా తెలియని ఇళ్ళల్లోకి దాన్ని చేర్చింది ఇలాంటి కాగితాలే.

ఫుజియో మాట కూడా చెప్పకపోతే ఈ కార్యక్రమం మనది అనిపించుకోదు. ఆమె హిరోషి గురువుగారి కూతురు. ఆ గురువుగారే హిరోషిని పెంచుకున్నాడు. 1903లో 16 ఏళ్ళ పిల్లగా అన్న వరస అయిన హిరోషితో అమెరికా వెళ్ళి, అక్కడ తన బొమ్మలు తనే ప్రదర్శించి అమ్మింది. 1907లో ఇద్దరికీ పెళ్ళయింది. ఇల్లు, పిల్లలు, భర్త ప్రయాణాలు వీటి మధ్య తన కుంచెకు దొరికింది కొద్ది తీరికే. భర్త 1950లో పోయాక, 60 ఏళ్ళు దాటిన వయసులో తానూ చెక్క అచ్చు బొమ్మలు వేసింది. కొండలు కాదు, గుళ్ళు కాదు. ఒక పువ్వును ముక్కుకు ఆనేంత దగ్గరగా చూస్తే రేకుల లోపల ఎలా వుంటుందో, అవి. 1987లో పోయేనాటికి దాదాపు నూరేళ్ళు. ఆమె కోడలు చిజుకో, మనవరాలు అయోమి కూడా ఇదే పని పట్టుకున్నారు. అత్తా, కోడలూ, మనవరాలూ ఒకే ఇంట్లో మూడు తరాల చిత్రకారిణులు!

మంటల కథ ఇంకొకటి మిగిలింది. హోర్యూజి గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆ ఆలయం గోడలమీద మన అజంతా పద్మపాణికి చెల్లెలి వరస అనిపించే బుద్ధ చిత్రాలు వుండేవి, 1,300 ఏళ్ళ నాటివి. అవి పాడైపోతున్నాయని 1940లో నకళ్ళు తీయించడం మొదలుపెట్టారు. ఆ పనికి పిలిచినవాళ్ళలో ఒకరు మన అరాయి కంపో! అజంతాలో తాను తీసిన నకళ్ళు కాలిపోయిన 17 ఏళ్ళకు మళ్ళీ ఒక బౌద్ధ గోడ ముందు కూర్చున్నాడు. 1945లో పని పూర్తికాకుండానే పోయాడు. 1949 జనవరి 26 తెల్లవారుజామున, నకలు పని ఇంకా సాగుతుండగానే, ఆ మందిరంలో నిప్పు పుట్టింది. చలికి కుంచె పట్టేవాళ్ళు వాడుకున్న కరెంటు మెత్త వల్లనే అన్నారు గాని, కచ్చితంగా తేలలేదు. గోడలు మిగిలాయి, రంగులు మాడిపోయాయి.

చూశారా తమాషా! మన దగ్గర అసలు నిలిచి నకళ్ళు కాలాయి. వాళ్ళ దగ్గర అసలే కాలి నకళ్ళు నిలిచాయి. ఆ నకళ్ళూ, 1935లో తీసి పెట్టుకున్న ఫోటోలూ ఆధారంగా 1968 నాటికి ఆ గోడచిత్రాలను కొత్తగా వేయించి పెట్టుకున్నారు. 1950లో పురావస్తువుల రక్షణకు చట్టం తెచ్చుకున్నారు. ఏటా జనవరి 26న, మనం జెండా ఎగరేసుకునే రోజున, వాళ్ళు పాత ఆలయాల దగ్గర నీళ్ళ గొట్టాలు పట్టుకుని మంటలార్పే సాధన చేస్తారు.

మరి మన పక్క సంగతి? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట రామప్ప గుడి, 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో వుండి ఇప్పుడు ములుగు జిల్లాలోకి వెళ్ళింది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. దానిమీద మొదటి పెద్ద పుస్తకం 1922లో నిజాం పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ రాశారు. అజంతాను కాపాడే బాధ్యత కూడా ఆయనదే. కెమెరా లేని కాలంలో మాత్రం రామప్ప మదనికలను గాని, ఘనపురం కోటగుళ్ళను గాని కాగితం మీద అచ్చువేసి, యాత్రకు వచ్చిన ఇల్లాలికి ఒక గిన్నెడు అటుకుల ధరకు అమ్మిన హిరోషిగే మనకు దొరకలేదు.

బొమ్మ లేదని కాదు. జనగామకు పక్కనే చేర్యాల. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో వుంది గాని మొన్న మొన్నటిదాకా జనగామతోనే వుండేది. అక్కడి నకాషీవాళ్ళు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేలమీద గజాల కొద్దీ కథ గీసేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్ళు, ఇంకా ఇలాంటి కథకులు ఆ పటాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవారు. జపాన్‌లో కుమానో సన్యాసినులు ఇలాగే బొమ్మల పటం విప్పి ఆడవాళ్ళకు స్వర్గ నరకాలు చూపించేవారు.

పటం చిరిగిపోతే ఏం చేసేవారో తెలుసా? పాతదాన్ని చూసి కొత్తది వేయించుకుని, పాతదానికి పూజ చేసి నీళ్ళలో కలిపేసేవారు. వాళ్ళ దృష్టిలో పాతది పోవడం తప్పు కాదు, కొత్తది వచ్చేసింది గనుక. చెక్కమీద చిత్రకారుడి కాగితం పోయినట్టే ఇదీ. కాని ఒక తేడా వుంది. చెక్క పలక వుంటే ఎవరైనా మళ్ళీ అచ్చు తీయవచ్చు. పటానికి మాత్రం చెప్పించుకునేవాళ్ళు వుండాలి. సినిమాలు, టీవీలు వచ్చి కథ చెప్పించుకునేవాళ్ళు తగ్గేసరికి కొత్త పటం అడిగేవాళ్ళు తగ్గారు. చివరి పటాలు నీళ్ళలో కలిశాక వాటి వెంట కొత్తవి రాలేదు. చేర్యాలలో మిగిలిన కుటుంబాలు ఇప్పుడు గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలూ, కొబ్బరిచిప్ప ముఖాలూ చేసి బతుకుతున్నారు.

ఈ బొమ్మలు ఎక్కడ చూడాలని మీకు అనిపించవచ్చు. జనగామలో గాని మానుకోటలో గాని రైలెక్కి సికింద్రాబాదులో దిగి, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్ళండి. పిల్లలు ముందు ఈజిప్టు మమ్మీ దగ్గరికి పరిగెడతారు, పరిగెత్తనివ్వండి. ఆ సరదా తీరాక అజంతా చిత్రాలున్న గదిలోకి తిప్పండి. అక్కడి నకళ్ళు వేసినవాళ్ళలో సయ్యద్ అహ్మద్ కూడా వున్నాడు. హెరింగ్‌హామ్ పక్కన కూర్చుని గీత నేర్చినవాడే. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గుహల పనిలోనే గడిపాడు.